ఇళ్ళు కనబడితే నడిచే కాళ్ళు

సరిహద్దు అడవుల్లోని మా కోంటాలో నేను నర్సునని అందరికీ తెలుసు. పిచ్చిదాన్నని కూడా తెలుసు. మొదటిదానికి ఏటేటా పైవాళ్ళ సంతకం కావాలి, రెండోదానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

నాది సంవిదా నౌకరీ, అంటే కాంట్రాక్టు ఉద్యోగం. మార్చి దగ్గర పడుతోందంటే చాలు, ఈసారి ఉంచుతారా ఊడబీకుతారా అని అన్నం సయించదు. పర్మనెంటు పోస్టుల పరీక్ష రాశాను, అంచుదాకా పోయి ఊడాను. మళ్ళీ రాశాను, మళ్ళీ అదే పాట. ఇలా సగం సగం బతుకుతున్న రోజుల్లో ఎవరో ఫోనులో చూపించిన వీడియో చూసి ట్రయాథ్లాన్ అనే పురుగు నా బుర్రలో దూరింది. ముందు ఈత, ఒంటిమీద తడి ఆరకముందే సైకిలు, సైకిలు దిగీ దిగగానే పరుగు. పెట్టిన గడువులోపు గీత దాటితే మెడలో పతకం వేస్తారు. దాటకపోతే పేరు పక్కన ‘పూర్తి చేయలేదు’ అని రాసి పారేస్తారు.

నాకు నచ్చిందల్లా అదే. ఒకసారి పూర్తి చేస్తే చేసినట్టే. దాన్ని ఏ సాబూ వచ్చే మార్చిలో రద్దు చేయలేడు. నా జీవితంలో అలాంటిది ఒక్కటి కావాలి, ఒక్కటంటే ఒక్కటి. గెలవాలన్న ఆశ నాకెప్పుడూ లేదు. నా వయసుకి, నా మోకాళ్ళకి అంత సీను లేదని నాకూ తెలుసు.

మొదటిసారి పందేనికి పోతే సముద్రం నన్ను ముంచింది. శబరిలో ఈది పెరిగినదాన్ని, నీళ్ళంటే నాకేం భయం అనుకుని ధీమాగా దిగాను. నది ఎటు తోస్తుందో దిగకముందే తెలుస్తుంది. సముద్రానికి ఆ మర్యాద లేదు. ఎదురు నుంచి కొడుతుంది, పక్క నుంచి కొడుతుంది, ఊపిరి తీసుకుందామని నోరు తెరిస్తే ఉప్పు కుమ్మరిస్తుంది. పడవవాళ్ళు నన్ను జబ్బలు పట్టుకుని పైకి లాగారు. ఒడ్డుకు చేరేదాకా కక్కుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన ఓదారుస్తాడనుకున్నాను. ఆయనకు బజారులో కిరాణా కొట్టు ఉంది, కొట్టులో కూర్చున్నా ఇంట్లో కూర్చున్నా వేళాకోళమే.

“శబరి నీళ్ళు తియ్యగుంటయని ఇప్పుడన్న తెల్సిందా?” అన్నాడు.

“నోరు మూస్తవా, గంటె విసరాల్నా?” అన్నాను. మూశాడు.

ఈత సంగతి తర్వాత ఎలాగో దారికి తెచ్చుకున్నాను. ఎండాకాలం వచ్చేసరికి నా అసలు కష్టం పరుగులో పడింది.

మరైగూడ రోడ్డు ఇప్పుడు బాగుంది, తారు నున్నగా ఉంటుంది. తెల్లవారుతుండగా అటు పరుగెత్తడం మొదలుపెట్టాను. దారిలో ఒక ఊరు ముందర ఆడవాళ్ళు, పిల్లలు చెట్ల కింద ఇప్పపూలు ఏరుకుంటున్నారు. నేను మలుపు తిరిగి వాళ్ళ కంట్లో పడ్డాను. అంతే, గంపలు ఎక్కడివక్కడ వదిలేసి, పిల్లల్ని రెక్క పట్టుకుని, అడవిలోకి ఒకటే ఉరుకుడు. ఏమైందో నాకు అర్థం కాలేదు. నా వెనక ఏమన్నా వస్తోందేమోనని నేనూ తిరిగి చూశాను.

ఒక ముసలామె మాత్రం లేవలేక అక్కడే కూలబడింది. రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెడుతోంది.

“ఎవరొస్తున్నరు బిడ్డా? ఎంత దూరంల ఉన్నరు?” అంది.

ఆయాసంతో నాకు మాట రాలేదు. మాట రాకపోయేసరికి ఆమె ఇంకా బెదిరిపోయింది. చివరికి ఎలాగో, “ఎవరూ రాట్లేదవ్వా, నేనే,” అన్నాను.

“మరెందుకు ఉరుకుతున్నవ్?”

“ఊరికే.”

“ఊరికే ఎవరన్న ఉరుకుతరా?” అంది. నా మొహంకేసి, నా బూట్లకేసి మార్చి మార్చి చూసింది. నర్సమ్మనని గుర్తుపట్టాక ఆమె భయం కోపమైంది. “మా దిక్కు మనిషి ఉరికిండంటే తుపాకులోళ్ళు వస్తున్నరని కబురు మోసుకొస్తున్నట్టు. ఇల్లొదిలి అడివిల పడుడు మాకు కొత్తనా? నువ్వు ఉరికితే ఉరుకు గాని, ఇండ్లు కనపడంగనే నడువు. పోరగాండ్లు జడుసుకుంటరు.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ ప్రాంతంలో పుట్టి, ఈ ఊళ్ళల్లో సూదులు వేస్తూ తిరిగే నాకు ఆ మాత్రం తట్టలేదు. ఇక ఆ రోజు నుంచి ఇల్లు కనబడితే నడక, ఇల్లు దాటితే పరుగు. మరైగూడ వైపైనా గొల్లపల్లి వైపైనా అదే లెక్క. పూరికప్పు అల్లంత దూరాన కనబడగానే కాళ్ళు వాటంతట అవే నెమ్మదించేవి. నేను చెప్పక్కర్లేకుండానే నేర్చుకున్నాయి.

ఆ నేర్చుకున్నదే రెండో పందెంలో నా కొంప ముంచింది. ఈసారి ఈత గట్టెక్కింది, సైకిలూ గట్టెక్కింది. పరుగు దారి చివర్లో జాలర్ల పేట మధ్యలోంచి పోతుంది. రోడ్డుకు అటూ ఇటూ ఇళ్ళు, అరుగుల మీద జనం, చప్పట్లు. నా కాళ్ళు నడవడం మొదలుపెట్టాయి. ఉరకండే అని తిట్టాను, తొడల మీద గుద్దుకున్నాను. నాలుగడుగులు ఉరకడం, మళ్ళీ ఎవరింటి గుమ్మమో కనబడగానే నడవడం. గీత దగ్గరికి చేరేసరికి గడువు దాటిపోయి, పందెంవాళ్ళు తాళ్ళు విప్పుకుంటున్నారు. పేరు పక్కన మళ్ళీ అదే ముక్క రాశారు.

బస్సులో కోంటా దాకా ఏడుస్తూనే వచ్చాను. పరీక్షలో అంచుదాకా పోయి ఊడటం, ఇక్కడ అంచుదాకా పోయి ఊడటం. నా రాతే ఇంతేమో, నేను సగం మనిషినేమో అనిపించింది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. పనీపాటా లేని ఏడుపు అంటారు. నిజమే కావచ్చు గానీ ఏడుపు ఏడుపే కదా.

మా ఆయన ఆ రోజు వేళాకోళం ఆడలేదు. అన్నం ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, “నువ్వొక్కదానివే ఉరికితే ఊరోళ్ళు జడుసుకుంటరు. పక్కన నేను బండి మీద నవ్వుకుంట వస్తే ఎవడు జడుసుకుంటడే?” అన్నాడు.

“కొట్టెవరు తెరుస్తరు?”

“కొట్టు యాడికి పోతది? జర ఆలస్యంగ తెరుస్త.”

అలా మొదలైంది. నేను రోడ్డు పక్కన పరుగు, ఆయన నా పక్కన బండి. ఊరు వస్తోందనగా పీఁ పీఁ అని హారను కొట్టేవాడు. జనం తలెత్తి చూసేవాళ్ళు, ఈ పిచ్చి జంటేలే అని మళ్ళీ పనిలో పడేవాళ్ళు. సేటు పెండ్లాన్ని ఉరికిస్తుండు అని ఊళ్ళన్నీ చెప్పుకుని నవ్వాయి. నవ్వనీ. నవ్వేవాడు అడవిలోకి పారిపోడు కదా. పోలీసు క్యాంపు దగ్గర ఒక జవాను మాత్రం మొదటిరోజు ఆపి, “క్యోఁ భాగ్ రహీ హై మేడమ్, క్యా హువా?” అని, ఎందుకు పరుగెత్తుతున్నావు, ఏమైందని అడిగాడు. “షాదీ హువా,” పెళ్ళైంది అన్నాడు మా ఆయన. జవాను పగలబడి నవ్వి వదిలేశాడు. హారను మోగితే చాలు, నా కాళ్ళు ఇళ్ళ ముందర కూడా ఉరికేవి.

ఇంతలో భేజ్జి వైపు ఆరోగ్య ఉప కేంద్రానికి వెళ్తావా అని పైవాళ్ళు అడిగారు. లోపలి ఊళ్ళో కొన్నేళ్ళు పనిచేస్తే పర్మనెంటులో కలిసొస్తుంది. కాదంటే వచ్చే మార్చిలో నీ దారి నువ్వు చూసుకో అన్నట్టే ఉంది వాళ్ళ ధోరణి. సరే అన్నాను. అంటే అక్కడే క్వార్టర్లో ఉండాలి, ఆయన ఇక్కడ కొట్టులో ఉండాలి. అక్కడ నా పక్కన బండి ఉండదు. బండి లేకుండా ఆ ఊళ్ళల్లో పరుగెత్తే ప్రశ్నే లేదు, ఎవరి గుండెలు ఆగాలని? చేరేలోపు ఒక్క పందెం మిగిలింది. ఉన్న సెలవంతా దానికే ఊడ్చి పెట్టాను. ఇది పోతే ఇక లేదు.

ఆయన కూడా వస్తానన్నాడు. ఇదివరకెప్పుడూ రాలేదు. కొట్టు తమ్ముడికి అప్పగించి, పెళ్ళికి పోతున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు.

ఆ పొద్దున సముద్రం నన్ను కరుణించింది. సైకిలు మీద ఎదురుగాలి పిండేసింది. పరుగులోకి దిగేసరికి పిక్క పట్టేసి, అడుగు వేసినప్పుడల్లా ప్రాణం పోయినట్టుంది. అయినా గడువుకి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. ఉరికితే సరిపోతుంది, నడిస్తే సరిపోదు. అంత సన్నటి దారం మీద జాలర్ల పేటలోకి వచ్చాను.

రోడ్డు మీదికి ఆరేసిన వలలు, గుమ్మాల్లో ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. నా కాళ్ళు నడవడం మొదలుపెట్టాయి.

వద్దు, వద్దే, ఈ ఒక్కసారి ఉరకండే అని వాటిని బతిమాలాను. పైకే బతిమాలాను. ఎవరో పిల్ల నన్ను చూసి నవ్వింది. కళ్ళలో నీళ్ళు, చెమట కలిసిపోయి ఏమీ కనబడటం లేదు. అయిపోయింది, ఇక నా వల్ల కాదు అనుకున్నాను. ఏడుస్తూ నడుస్తున్నాను.

చివరి మలుపు దగ్గర జనంలో మా ఆయన నిలబడి ఉన్నాడు.

“ఏమే! నడుస్తున్నవేందే! ఉరుకు!” అని గావుకేక పెట్టాడు. నేను తల అడ్డంగా ఊపాను. అంతే, తాడు కింద నుంచి దూరి నా పక్కకు వచ్చేశాడు. చెప్పులు టపటపలాడుతుంటే, బొజ్జ ఊగుతుంటే, నా పక్కనే పరుగెత్తుతూ నోటితో “పీఁ... పీఁ...” అని హారను కొట్టాడు.

బయటివాళ్ళు పక్కన పరుగెత్తకూడదని నిబంధన. ముందురోజు పోటీలో దిగే మాకు చెప్పారు. ఆయనకు చెప్పాలని నాకెందుకు తోస్తుంది, కొట్టులో కూర్చునే మనిషి ఉరుకుతాడని కలగన్నానా? రావొద్దు పో అని ఒక్కమాట అంటే ఆగిపోయేవాడు. ఆ మాటకు సరిపడా ఊపిరి నా దగ్గర ఉంది. అనలేదు. ఎందుకంటే కాళ్ళు ఉరికాయి. పేట దాటేదాకా ఉరికాయి. గీత కనబడుతుండగా ఆయన రొప్పుతూ ఆగిపోయాడు, నేను గడువులోపలే గీత దాటాను. ఎవరో అమ్మాయి నా మెడలో పతకం వేసింది. బరువుగా, చల్లగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఇసుకలో కూలబడ్డాను.

కాసేపటికి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. పందెం నడిపేవాళ్ళలో ఒకడు.

“మేడమ్, ఒక్క మాట. చివరి మలుపు దగ్గర మీ పక్కన ఒకాయన పరిగెత్తాడు. ఇదిగో, ఫొటో వచ్చింది. జనంలోంచి ముక్కూమొహం తెలియనివాళ్ళు దూరితే అది మీ తప్పు కాదు, మేం పట్టించుకోం. తెలిసిన మనిషైతే మాత్రం మీ పేరు తీసేయాల్సి ఉంటుంది. ఆయనెవరో మీకు తెలుసా?”

మంచివాడు. తెలియదని చెప్పు తల్లీ అన్నట్టే చూశాడు నా వంక.

ఫోను నా చేతిలో పెట్టాడు. బొమ్మలో మా ఆయన మూతి గుండ్రంగా చుట్టి ఉంది, ఒక కాలికి చెప్పు లేదు. పక్కన నేను. నేను నవ్వుతున్నాను. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. అప్పుడు నవ్వానని నాకే తెలియదు.

తలెత్తి చూశాను. ఆయన దూరంగా కొబ్బరిబోండాల బండి దగ్గర ఉన్నాడు. బోండాలవాడికి నన్ను వేలు పెట్టి చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. వాడు ఆయన భుజం తడుతున్నాడు. తెలియదు అంటే చాలు. నాలుగక్షరాలు, ఎవరికీ నష్టం లేదు, ఆయనకు తెలిసే దారి కూడా లేదు. నా జన్మకు ఒక్కటి పూర్తవుతుంది. అందామనే నోరు తెరిచాను.

“మా ఆయన,” అన్నాను.

పెద్దమనిషి తల దించుకున్నాడు. పతకం నేనే తీసి ఆయన చేతిలో పెట్టాను. “సారీ అమ్మా,” అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాను. మనిషి పోతే ఏడ్చినట్టు ఏడ్చాను.

మా ఆయన బోండాం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“ఏదే, పతకం చూపియ్యి. ఫొటో దీసి తమ్మునికి పంపుత.”

“తీసుకున్నరు,” అన్నాను.

“ఎందుకే?”

“టైము దాటిందంట. ముందు అందరికీ వేసి, తర్వాత లెక్క చూసుకున్నరు.”

“ఎంత దాటింది?”

“కొంచెమే.”

ఆయన నా పక్కన చతికిలబడ్డాడు. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

“థూ, తప్పంత నాదే. ఆ మలుపు కాడ బొమ్మ లెక్క నిలబడ్డ. ఇంకొంచెం ముందు నుంచే నీతోని ఉరికుంటే అయిపోతుండె.”

“అవునయ్యా,” అన్నాను. “ఉరకాల్సింది.”