రోహిణి కార్తెలో చల్లబడ్డ కంప్యూటర్

మా అత్తమ్మ దయ్యమై కంప్యూటర్‌లో దూరిందని, అది చూసి నేను కెవ్వున అరిచి వీధిలోకి పరుగెత్తానని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో ఒక్క ముక్క నిజం కాదు. నేను అరవలేదు. నాకు మనుషుల మీద అరిచే అలవాటే తప్ప కంప్యూటర్ల మీద లేదు. పరుగెత్తనూ లేదు. రోహిణి కార్తె మధ్యాహ్నం కొత్తకోట రోడ్డు మీద పరుగెత్తేది ఎవరు? ఇక దయ్యాలంటారా, నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను.

తొంభైల చివరి మాట. మా ఇంటి ముందు గది రోడ్డు వైపుకు ఉంటుంది. అందులో ఒక కంప్యూటర్ పెట్టుకుని పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు టైపు చేసి ఇచ్చేదాన్ని. మా ఆయన ఉద్యోగం రాయచూరులో, ఆదివారాలకు వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో నేనూ, మా అత్తమ్మ రూతమ్మా. ఆమె సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి.

ఆ కంప్యూటర్ ఆన్ చేస్తూ ఒక మీట నొక్కితే లోపల ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో చూపించే పేజీ వచ్చేది. సెంటీగ్రేడ్‌లో ఒక అంకె, పక్కనే ఫారెన్‌హీట్‌లో ఇంకో అంకె. ఎన్నో జ్వరాలు చూసిన మనిషి కదా, ఆ రెండో అంకె అర్థమవుతుందని ఒకరోజు చదివి వినిపించాను. ఇక చూడండి.

"నూట పదమూడా? నూట పదమూడు జరముంటే మనిషి బతుకుతడానే? దాంతోని పని చేపిస్తున్నవ్!"

"అది మిషను అత్తమ్మా. దానికది మామూలే."

"నీకు అందరిది మామూలే. మొన్న నాకు నూటొకటి ఉంటె గూడ గట్లనే అన్నవ్."

అప్పటినుంచి ఎండాకాలం మధ్యాహ్నాలు వచ్చి కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూసేది. తడిగుడ్డ పిండి, మడతపెట్టి, దాని నెత్తిన వేసేది. నీళ్ళు లోపలికి పోతే కాలిపోతుందని నేను గుడ్డ లాగేసేదాన్ని. ఆమె మళ్ళీ తడిపి తెచ్చేది. కంప్యూటర్ తరఫున మాట్లాడినట్టు నా తరఫున ఏనాడూ మాట్లాడలేదు. అయినా ఆమెతో పోట్లాడని రోజు నాకు అన్నం సహించేది కాదు.

ఆమె గోల పూర్తిగా అర్థం లేనిదని కూడా అనలేను. ఎండలు ముదిరితే ఆ అంకె నూట యాభై దాటేది. అప్పుడు కంప్యూటర్ హ్యాంగ్ అయ్యేది. అప్పటిదాకా టైపు చేసిందంతా పోయేది. అందుకే ఎండలు ముదిరాక మధ్యాహ్నాలు దుకాణం మూసేసేదాన్ని.

ఒక చలికాలం ఆమె నిద్రలోనే పోయింది. మాటకు మాట చెప్పే మనిషి ఒక్క మాట లేకుండా పోయిందని నాకు చాలా రోజులు కోపంగా ఉండేది.

ఆమె పోయాక మా మరిది ప్రకాశం కన్ను ముందు గది మీద పడింది. విత్తనాల దుకాణం పెట్టుకుంటానని ఒకాయన కిరాయికి అడుగుతున్నాడట. ఆ గది ఎవరికి ఇస్తావని బతికుండగా అడిగితే అత్తమ్మ, "నేను పోయినంక మీరే కొట్లాడుకోండ్రి" అనేది. అక్షరాలా అదే జరిగింది.

"ఎండకాలమంత బంద్ పెట్టేది దుకాణమెట్లయితది వదినా?" అన్నాడు ప్రకాశం. "ఈ ఒక్క ఎండకాలం మధ్యాహ్నాలు గూడ నడిపి చూపియ్యి. నడిస్తే రూం నీదే, మల్ల అడగ. ఆగిందంటే విత్తనాలాయనకు ఇచ్చేస్త."

సరేనన్నాను. ఆ గది పోతే నా చదువంతా మళ్ళీ వంటింట్లోకే వెళ్ళిపోతుంది. అది నాకు తెలుసు, వాడికీ తెలుసు.

చేయాల్సినవన్నీ చేశాను. డబ్బా విప్పి దుమ్ము దులిపాను. మహబూబ్‌నగర్ నుంచి కంప్యూటర్లు బాగుచేసే కరీం భాయ్‌ని పిలిపించాను. ప్రాసెసర్ మీద చిన్న ఫ్యాన్ మార్చాడు. దాని కింద వేడి లాగే అల్యూమినియం దిమ్మెకు కొత్త పేస్టు పూశాడు. పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టాం. ఏం లాభం? మధ్యాహ్నమయ్యేసరికి నూట యాభై ఎనిమిది, వెంటనే హ్యాంగ్. షట్టర్ సగం దించి, వచ్చినవాళ్ళకు భోజనం వేళని చెప్పుకుంటూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. ప్రకాశం రోడ్డవతల టీ కొట్టులో కూర్చుని ఆ షట్టర్ వైపే చూసేవాడు.

రోహిణి కార్తె వచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక, ఇక ఈరోజుతో అయిపోయిందనుకుంటూ ఆన్ చేసి ఆ పేజీ తెరిచాను. తొంభై ఎనిమిది అని ఉంది.

నూట తొంభై ఎనిమిదేమో, సరిగ్గా చూడలేదనుకున్నాను. కాదు, తొంభై ఎనిమిదే. గోడమీది థర్మామీటర్ చూస్తే గదిలోనే నూట ఏడు దాటింది.

ఇక్కడే నా చదువుకు దెబ్బ తగిలింది. ఫ్యాన్ ఎంత తిరిగినా వస్తువును గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. కుండలో నీళ్ళు చల్లబడతాయి కదా అంటారేమో. అది తడి ఆరడం వల్ల. స్విచ్ తీసేసి, ప్లగ్ పీకి, ఆ దిమ్మె మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది. పొడిగా ఉంది. టేబుల్, డబ్బా, నేల అన్నీ తడిమాను. ఎక్కడా చుక్క తడి లేదు.

మళ్ళీ ఆన్ చేసి, సగంలో ఆగిన పెళ్ళి పత్రిక ముందేసుకున్నాను. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాత కూడా మధ్యాహ్నమైతే చాలు, అంకె తొంభై ఎనిమిదికి దిగేది.

కరీం భాయ్‌ని మళ్ళీ పిలిచాను. వేడి కొలిచే సెన్సార్ చెడిపోయిందన్నాడు. "మరి నా వేలు కూడా చెడిపోయిందా?" అన్నాను. వేరే కంప్యూటర్‌లోంచి తీసిన బోర్డు తెచ్చి బిగించాడు. తొంభై ఎనిమిదే. మా బోర్డు తన దుకాణానికి పట్టుకెళ్ళి చూశాడు. అక్కడ నూట యాభై దాటి హ్యాంగ్ అయింది. వెనక్కి తెచ్చి మా గదిలో పెడితే మళ్ళీ తొంభై ఎనిమిది.

"మేడం, ఖరాబు బోర్డుల లేదు. ఉంటె గీ రూంల ఉండాలె."

"రూంలో ఏముందయ్యా?"

"నన్నడగకున్రి," అని సామాను సర్దుకున్నాడు. మా ఇంటికి వచ్చి చాయ్ వద్దన్నది ఆ ఒక్కసారే.

చివరికి ఒక మధ్యాహ్నం ప్రకాశమే వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. చెమటతో చొక్కా తడిసి ముద్దయింది. నేను ఎవరిదో కరపత్రం మొత్తం టైపు చేసి, ప్రింటు తీసి, వాడి చేతిలో పెట్టాను.

"ఏం మందు పెట్టినవ్ వదినా దీనికి?" అన్నాడు. కాసేపు డబ్బానే చూశాడు. "సరే తియ్యి. రూం నీకే. ఇగ అడగ."

మా మరిదికి నోరు పెద్దదే గానీ ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే రకం కాదు. లేచి వెళ్ళాడు. రోడ్డు దాటి ఉండడు, నా కంప్యూటర్ హ్యాంగ్ అయింది.

మళ్ళీ ఆన్ చేసి చూశాను. నూట యాభై ఎనిమిది. మళ్ళీ ఎన్నడూ అది మధ్యాహ్నం తొంభై ఎనిమిదికి దిగలేదు. అప్పటినుంచి పొద్దునా సాయంత్రమూ పని చేసుకుని, మధ్యాహ్నాలు షట్టర్ దించుకున్నాను. గది నాదే కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

మా ఆయన కరెంటు వోల్టేజీ తేడా అంటాడు. సరే, వోల్టేజీ తగ్గితే గది కంటే చల్లబడుతుందా? వాతావరణం మారిందంటారు కొందరు. అది మొదట చల్లబడ్డ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. థర్మామీటర్ అంతకుముందు ఎక్కడుందో అక్కడే ఉంది. చర్చిలో పాస్టరు గారు ప్రార్థన పెట్టిద్దామన్నారు. నన్ను ఎవరేం బాధపెట్టారని ప్రార్థన?

ఎందుకు చల్లబడిందో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. అయితే నన్ను తొలిచేది అది కాదు. అది ఆమె పనే అని ఒక్క నిమిషం ఒప్పుకుంటాను, వాదన కోసమే. అలాగైతే ఒకటే అడుగుతాను. గది చేతికొచ్చింది కాబట్టి నాకిక మధ్యాహ్నాలు తోడు అక్కర్లేదని ఆమెకు ఎవరు చెప్పారు?