మైకు బూరకు ఆనించిన ఫ్లాపీలు

కంప్యూటరు మొరాయిస్తోందని వచ్చేవాళ్ళను నేను మొదట అడిగేది ఒకటే: "తెర మీద ఏం రాసి వచ్చింది?" దాదాపు ఎవరూ చెప్పలేరు. "ఏదో ఇంగ్లీషులో వచ్చింది సార్, ఆపేసినం" అంటారు. యంత్రం తన బాధేమిటో అక్షరాలా రాసి చూపిస్తుంటే చదవకుండా గొంతు నొక్కేసి, ఆ తర్వాత గ్రహచారం గురించి మాట్లాడతారు. ఇన్నేళ్ళయినా ఈ విసుగు నాకు తగ్గలేదు. అయితే ఒకసారి ఆ విసుగే నా కళ్ళు కప్పింది.

తొంభైల మొదట్లో నాచారంలో ఒక కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పేవాణ్ణి. పిండిగిర్ని పైన ఒక హాలు, నాలుగు యంత్రాలు. ఆదివారాలు అక్కడే మా హేతువాద మిత్రుల చర్చలు జరిగేవి. వాటికోసం ఒక మైకు సెట్టు కొని హాల్లోనే ఉంచాను. ఇరవై మందికి అంత పెద్ద బూర ఎందుకంటే, కింద రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినపడాలని.

సెంటరు యజమాని ఉప్పల్‌లో లారీలు నడిపి, వాటిని అమ్మి కంప్యూటర్లు కొన్న మనిషి. లారీకి చేసినవన్నీ కంప్యూటరుకూ చేసేవాడు. ప్రతి తెరకూ నిమ్మకాయా మిరపకాయలూ వేలాడేవి. రాసిన ప్రోగ్రాములు దాచుకునే ఫ్లాపీ బిళ్ళ పెట్టే సందు పక్కన కుంకుమ బొట్టు. శుక్రవారం పొద్దున హాలంతా సాంబ్రాణి పొగ. దేవుడి పటాలున్న అరలోనే ఫ్లాపీల పెట్టెలు.

"అన్నా, ఆ పొగలో ఉన్న నుసి లోపలికి పోతుంది. కుంకుమ పొడి ఫ్లాపీని గీకేస్తుంది" అని ఎన్నిసార్లు చెప్పానో.

"సార్, ఇరవై ఏండ్లు లారీ తోలిన. ఒక్కపారి యాక్సిడెంట్ గాలే. బండికి జేస్తం గద, దీనికి జేస్తే ఏమైతది?"

"యాక్సిడెంట్ కాకపోవడానికి నిమ్మకాయ కారణమా, బ్రేకులా?"

"రెండూ సార్. రెండిట్ల ఏది తీసేసి సూడమంటరు?"

దీనికి సమాధానం చెప్పడానికి నాకు గంట పట్టేది. ఆయనకు వినడానికి అయిదు నిమిషాలు కూడా తీరిక ఉండేది కాదు. ఒక శుక్రవారం పొగ మరీ కమ్ముకునేసరికి ఒళ్ళు మండి, నా విద్యార్థుల ఫ్లాపీల పెట్టె ఆ అరలోంచి తీసి, హాలుకు ఆ చివరనున్న బల్ల మీద మైకు బూరకు ఆనించి పెట్టాను.

ఆ పెట్టెలో ఒకామెవి రెండు ఫ్లాపీలున్నాయి. సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. భువనగిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఎంటర్ నొక్కే ముందు కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థన చేసేది. దానికీ నేను పళ్ళు నూరేవాణ్ణి. మూడు షిఫ్టుల్లో ఎవరు ఎప్పుడు రావాలో, ఎవరికి వారపు సెలవు ఎప్పుడో అచ్చువేసే ప్రోగ్రామును బేసిక్ అనే కంప్యూటరు భాషలో ఆరు నెలలు కష్టపడి రాసింది. అది సోమవారం పొద్దున ఫోర్‌మన్ ముందు నడిస్తే ఆమెను ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. నడవకపోతే బయటివాళ్ళను తెచ్చుకుంటారు.

శనివారం ఆమె ఫ్లాపీ పెట్టింది. చదవలేనని యంత్రం చెప్పింది. రెండోది పెట్టింది. అదే మాట.

నేను యజమాని మీద విరుచుకుపడ్డాను. "చూశారా మీ కుంకుమ, మీ సాంబ్రాణి! ఆరు నెలల పని!"

ఆయన మొహం పాలిపోయింది. "గట్ల అనకున్రి సార్. ఆడబిడ్డ పని ఖరాబైతే నాకు మంచిగుంటదా?"

స్పిరిటుతో యంత్రం తుడిచాను. మళ్ళీ పెట్టాను. చదవలేదు. పక్క యంత్రంలో పెట్టాను. అక్కడా చదవలేదు. నేను ఇంకా కుంకుమ గురించే ఉపన్యసిస్తున్నాను. ఆమె మెల్లగా లేచి, దేవుడి అరలో మిగిలిన యజమాని ఫ్లాపీలు తెచ్చి ఒక్కొక్కటే పెట్టి చూసింది. అన్నీ నడిచాయి.

"సార్, పొగల ఉన్నయి మంచిగనే ఉన్నయి గద. మీరు తీసి పెట్టినయే ఎందుకు పోయినయ్?"

ఆమె పెట్టె దగ్గరకు పోయి చూసింది. బూర వెనకున్న బరువైన గుండ్రటి డబ్బాకు కాగితాల గుండుసూదులు నాలుగు అతుక్కుని వేలాడుతున్నాయి.

"ఫ్లాపీల కాడ అయస్కాంతం పెట్టొద్దని మొదటి రోజు మీరే జెప్పిన్రు" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

చెప్పినవాణ్ణి నేనే. బూరలో అయస్కాంతం ఉంటుందని తెలిసినవాణ్ణీ నేనే. కానీ నా లెక్కలో ఆ బూర మూఢనమ్మకాలను ఎండగట్టే సాధనం. దానివల్ల చెరుపు జరుగుతుందని తట్టనే లేదు. రెండు కాపీలు చేయమని పోరినవాణ్ణి, రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఒక్క కాపీ కిందే లెక్క అని చెప్పలేదు.

"పోన్లెండి సార్, నోటుబుక్కుల ఉన్నది" అంది ఆమె.

ఆదివారం చర్చిలో విన్న ప్రసంగాన్ని ఇంటికి పోయి పొడుగాటి నోటుబుక్కులో రాసుకోవడం ఆమె అలవాటు. ఆ అలవాటుతోనే ప్రోగ్రాములో ఏ రోజు మార్పు ఆ రోజు రాసుకుంది. ఆ నోటుబుక్కు చూసి "రామకోటి రాస్తున్నావా తల్లీ? అంతా ఫ్లాపీలో ఉంటే చేత్తో రాయడం ఎందుకు?" అని నేను అందరిలో నవ్విన రోజు నాకు గుర్తొచ్చింది.

మర్నాడు ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చింది. నేను చదువుతుంటే ఆమె టైపు చేసింది. "నూట నలభై. ఇఫ్ ఎస్ ఈక్వల్ టు త్రీ దెన్ గోటూ మూడు వందల పది." చర్చకు వచ్చిన మిత్రులు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంది సార్, పారాయణం షురూ జేసిన్రా?" అన్నాడొకడు.

"నోరు మూసుకుని కూర్చో. లైను తప్పిపోతుంది."

"తప్పనే తప్పిన్రు సార్" అందామె. "నూట ముప్పై సదవనే లేదు."

మూడింటికి పట్టిక అచ్చయింది. ఆమె రెండు కాపీలు చేసి ఒకటి సంచిలో వేసుకుంది. రెండోది ఎక్కడ పెట్టాలని అడగలేదు. యజమాని అర వైపు చూసింది. నా చేత్తోనే అక్కడ పెట్టాను, కవరు మీద రాలిన కుంకుమ ఊదేసి.

సోమవారం సాయంత్రం ఆమె ఎప్పటి వేళకే వచ్చింది.

"కుర్చీ ఇచ్చిన్రు సార్. కానీ అయిదు వారాలున్న నెల పెడితే ఆగిపోతున్నది."

"తెర మీద ఏం రాసి వచ్చింది?"

ఆమె నోటుబుక్కు తెరిచి, లైను నంబరుతో సహా చదివింది.