చెవులు నిలబడ్డ ఆరు కుక్కలు

నేను బడి ముఖం చూడలేదు. లెక్క నేర్చుకున్నది బీడీలతో. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కథలాపూర్ దగ్గరి ఊరికి కోడలిగా వచ్చిన కొన్నాళ్లకే, ఎవరికి ఏ లెక్క కావాలన్నా నన్ను అడగడం మొదలుపెట్టారు. అందులో కుక్క కరిచినవాళ్లే ఎక్కువ. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసేవారు. రోజూ కోరుట్ల దవాఖానకు పోయి రావాలి. ఎన్నో సూదో మరిచిపోయేవారు. ఎవరికి ఎన్ని అయ్యాయో మా గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేదాన్ని. పక్కన, కరిచింది ఎవరింటి కుక్కో నాకు మాత్రమే తెలిసే గుర్తు.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరినీ ఎవరూ నమ్మేవారు కాదు. కుక్కలు మొరిగితే రాత్రిళ్లు ఊళ్లోకి వచ్చే నక్సలైట్ అన్నలకు కోపం. మొరగకపోతే, వచ్చినవాళ్లు తెలిసినవాళ్లే అయివుంటారని పోలీసులకు అనుమానం. దొర కుటుంబం అప్పటికే జగిత్యాలకు వెళ్లిపోయింది. వాళ్ల కోటలాంటి ఇల్లు గడిలో వదిలిపోయిన సీమకుక్క ఊరకుక్కలతో కలిసి పిల్లలను పెట్టింది. అందులో చెవులు నిలబడ్డది ఒకటి మా ఇంటికి చేరింది. మా అత్తకు చూపు బాగా తగ్గింది. చెలకకు పోయినా, చేదబావికి పోయినా దాని మెడ మీద చెయ్యి వేసుకొనే పోయేది. అది తోడు లేకపోతే గడప దాటేది కాదు.

ఒక పొద్దున పంచాయతీ ఆఫీసు గోడకు కాగితం కనిపించింది. దొరల జాతి కుక్కలను వారం లోపల తీసేయాలని ఎర్ర సిరాతో రాసి ఉందని చదివినవాళ్లు చెప్పారు. కింద పేరు లేదు. అన్నలే రాశారని అందరూ అన్నారు. మా ఆయన మాత్రం నా చెవిలో అన్నాడు: "పోలీసోళ్లే పెట్టిన్రో ఏమో. ఎవలు మాట వింటరో చూద్దామని."

మర్నాడు బడి వరండాలో ఊరంతా కూర్చుంది. కూర్చోబెట్టినవాడు ఒకప్పుడు గడి ముందు కర్ర పట్టుకొని కాపలా కాసినవాడే. ఇప్పుడు అదే చేతిలో ఆ కాగితం. నిన్నెవరు పంపారని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"గీ జాతి కుక్కలు నెత్తురు మరిగినయి. ఉంటే ఊరంతటికి ముప్పు," అన్నాడు.

సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే ఒకతను పండుగకు వచ్చి ఉన్నాడు. "జాతి ఎట్ల తెలుస్తదే కాకా? కుక్కను కులం సర్టిఫికెట్ అడుగుతవా?"

"చెవులు చూడుర్రి. నిలబడితే దొర జాతి. వాలితే మనది."

"గట్లయితే మా మామను సుత పట్టుకపోవాలె. ఆయన చెవులు ఎప్పుడూ నిలబడే ఉంటయి!" అంది వెనక నుంచి ఒక కోడలు. అందరూ నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. లేచి నిలబడ్డాను.

"ఊళ్లె నలభై ఒక్క కుక్కలున్నయి. చెవులు నిలబడ్డయి ఆరు. రెండేండ్లల్ల గవి కరిచింది ఇద్దర్ని. తక్కిన ముప్పై అయిదు కలిసి పదమూడు మందిని కరిచినయి. ఎట్ల జూసినా దగ్గర దగ్గర మూడు కుక్కలకు ఒక కాటు పడుతది. జాతితోని ఫరక్ ఏం లేదు."

లెక్క తిరుగులేనిదని నాకు తెలుసు. గెలిచాననే అనుకున్నాను.

కాగితం పట్టుకున్నతను నా వైపు తిరిగాడు. "ఏ ఇంట్ల ఎన్ని కుక్కలున్నయో నువ్వెందుకు లెక్క వెట్టినవ్ చెల్లె? ఎవలకు జెప్పెతందుకు?"

బీడీల గంప ఎత్తుకొని రోజూ అన్ని వాడలూ తిరిగి కార్ఖానాకు పోతాను, కంటికి కనిపించింది లెక్కపెడతాను, అంతే. కానీ ఆ రోజుల్లో అంత మామూలు జవాబును ఎవరూ నమ్మరు. నా పక్కన కూర్చున్నామె తన చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కొని కొంచెం జరిగింది. మా ఆయన నా కొంగు పట్టి గుంజాడు. "కూసో."

కాగితంలో అంకె లేదు. అతను పెన్ను తీసి అడుగున ఆరు అంకె వేశాడు. ఆ అంకె నేనిచ్చిందే.

ఇంటికి రాగానే తంబాకు పొడి, పసుపు నూనెలో కలిపి కుక్క చెవులకు పట్టించాను. చెవులు కిందికి వంచి పాత చీర ముక్కతో కట్టాను. పురుగు పడ్డ పుండుకు మా దిక్కు అందరూ కట్టే కట్టే. మా అత్త దాని మూతి కదలకుండా పట్టుకుంది.

రెండు రోజులకు అతను నలుగురిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అప్పటికే అయిదు కుక్కలను పట్టుకుపోయారు.

"ఆరోది ఏది చెల్లె?"

"లేదు."

"నువ్వే ఆరన్నవు గదా."

"లెక్క తప్పిన."

"నువ్వు? లెక్క తప్పుతవా?" కట్టు వైపు చూశాడు. "దీని చెవులకేమైంది?"

"పురుగులు పడ్డయి. ఇప్పుమంటే ఇప్పుత."

తంబాకు ఘాటుకు ముఖం తిప్పుకున్నాడు. మా అత్త వాకిట్లో కూర్చొని దాని మెడ మీది చెయ్యి తీయలేదు. అతను ఆ కుక్కను పిల్లగా ఉన్నప్పుడు గడిలో చూసినవాడే. గుర్తుపట్టలేదా, పట్టి వదిలేశాడా, వదిలేసినందుకు బదులుగా ఎప్పుడైనా ఏదైనా అడుగుదామనుకున్నాడా? అతను ఆ నలుగురినీ తీసుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఆరు పూర్తయ్యాయని తెలిసింది. ఆరోది ఊరి చివర ఒక్కతే ఉండే అవ్వ కుక్క. దాని చెవులు పుట్టుకతోనే వాలి ఉండేవి. అడ్డం పడి మాట్లాడేవాళ్లు ఆమెకు ఎవరూ లేరు.

ఆ తర్వాత మూడో రోజు బీడీ కార్ఖానాకు పోతుంటే ఆ అవ్వ నన్ను ఆపింది.

"లెక్క తెల్సినదానివి నువ్వు. నిజం జెప్పు బిడ్డా, నువ్వు జెప్పిన ఆరుల నాది ఉండెనా?"

"లేకుండె అవ్వా."

"మరి గా మాట వాళ్లకు జెప్పరాదు? ఇంకా సంపలేదంట, గడి దొడ్లె కట్టేసిన్రట."

చెబితే ఆరోది ఏదని అడుగుతారు. గంప నెత్తి మీద సర్దుకున్నాను. "నాతోని కాదు అవ్వా," అన్నాను.

ఆమె తల తిప్పి మా ఇంటి దిక్కు చూసింది.