మొదటి చుక్క ఎవరికి?

అనంతపురం కంటి ఆస్పత్రిలో ఒక కాంపౌండరు ఉండేవాడు. పిల్లల కంట్లో మందు వేసేముందు, అది మండదని చూపించడానికి ఒక చుక్క తన కంట్లోనే వేసుకునేవాడు. ఆ మందు పడితే గంటల తరబడి చూపు మసకబారుతుంది. అందుకే పదిమంది పిల్లలయ్యేసరికి ఆయన తలుపనుకుని బీరువా తెరిచి, అందులోకి నడవబోయేవాడు.

నా మెల్లకన్ను చూపించడానికి నాయన నన్ను కళ్యాణదుర్గం నుంచి తీసుకుపోయిన రోజు నేను వరుసలో పదకొండోదాన్ని. భయంతో ఏడుస్తూ కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ఏమ్మా, ఇంత పెద్ద మీసాలు పెట్టుకోని ఏడుస్తాండావా?" అన్నాడు కాంపౌండరు.

నాకు మీసాలేమిటని కళ్లు తెరిచాను. ఆయన మా నాయన గడ్డం పట్టుకుని చుక్క వేసేశాడు.

"అన్నా, నాకు కాదన్నా! పిల్ల ఆడుండాది!" అని నాయన గంతులేశాడు.

నేను పగలబడి నవ్వుతుండగానే నా కంట్లో చల్లగా చుక్క పడింది.

మరుసటిసారి నేనే ముందు పరిగెత్తాను. నాయన మాత్రం ఆస్పత్రి గేటు దాటలేదు.

మీసాలకూ ఆడపిల్లకూ తేడా కనిపించని మనిషి, కదిలిపోతున్న నా మెల్లకంట్లో అంత సూటిగా చుక్క ఎలా వేశాడో!