పుత్తూరు కట్టు, పురుగు పాఠం

బాత్రూములో జారిపడి మోకాలి కింద ఎముక విరిగితే, మా కొడుకు నన్ను పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాడు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు. తిరుపతిలో మా ఇల్లు రెండే గదులు. వెనక గదిలో చాప మీద నన్ను పడుకోబెట్టి, వాడు తను తోలే లారీ ఎక్కి తడ మీదుగా చెన్నైకి వెళ్లిపోయాడు. ఇంట్లో మిగిలింది నేనూ, కోడలూ.

నాలుగు రోజులకే కట్టు నీచు కంపు కొట్టింది. కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కంచం గడప లోపల పెట్టి, కాలితో ఇంత ముందుకు తోసి తలుపు వేసేది. నేను జరుక్కుంటూ పోయి తీసుకునేదాన్ని. ఈ మాట రాయొద్దులే అన్నాను. రాసేది ఆ కోడలే, నాకు వేలిముద్ర తప్ప రాదు. "రాయాల్సిందే అత్తా" అని రాసింది.

మనిషిని కాకుండా పోవడం నాకది రెండోసారి. మా ఆయన పోయినప్పుడు పదో రోజు నా బొట్టు తీసి, గాజులు పగలగొట్టారు. తర్వాత కొన్నాళ్లకు నేను బిందె పట్టుకుని బయటికి వస్తే, ఊరికి బయలుదేరిన ఎదురింటామె నన్ను చూసి గిరుక్కున లోపలికి పోయి కూర్చుంది. అంతకు ముందు చింతపండుకీ ఉప్పుకీ నా వాకిలే తొక్కిన మనిషి. ఏం మారిందా అని అద్దంలో చూసుకున్నాను. అదే ముక్కు, అవే కళ్లు. అప్పటినుంచి ఎవరు బయలుదేరుతున్నా నేనే తలుపు చాటుకు పోయేదాన్ని. కన్నకొడుకు బయలుదేరినా అంతే.

కోడలు ఇంట్లో ఉండే డిగ్రీ చదువుతోంది. తలుపు అవతల కూర్చుని పాఠం పైకి చెప్పుకునేది. ఒక ఇంగ్లీషు పాఠం మాత్రం తెలుగులో చెప్పుకుంటే గానీ దాని బుర్రకు ఎక్కదు. ఇంటిల్లిపాదినీ సాకే ఒకాయన పొద్దున లేచేసరికి పెద్ద పురుగైపోయి ఉంటాడంట. ఇంట్లోవాళ్లు ఆయన్ను గదిలో పెట్టి తలుపేస్తారంట. మూడు రోజులు విన్నాను. నాలుగో రోజు ఉండబట్టలేదు.

"ఏమ్మే, ఆ పురుక్కి కూడు ఎవురు పెట్టినారు?"

అవతల చప్పుడు ఆగింది. "సెల్లెలు పెట్టింది అత్తా."

"ఆమీదట?"

"కొన్నాళ్లకి ఇసుగొచ్చి సూసేది మానేసింది."

"సచ్చిపోయినాడా?"

"ఊ."

"నేనంత సులువుగా సచ్చేదాన్ని కాదు లే."

పకపకా నవ్వింది. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది. తలుపు తీసుకుని వచ్చి నా పక్కన కూలబడింది. ముక్కు మీద కొంగు లేదు.

"కంపుకి ఓర్సుకోలేక అత్తా, ఇంకేం లేదు."

"నాకు మాత్రం సాంబ్రాణి వాసనా? ముక్కు నాకూ ఉండాది."

ఆ రోజు నుంచి నా చాప పక్కనే చదివింది. ఆయన ఎందుకు పురుగయ్యాడన్న ప్రశ్న దగ్గర ఎప్పుడూ తడబడేది.

"పొద్దున లేసినప్పుడు కాదు మే, తలుపేసినాక అయినాడు పురుగు" అన్నాను. "అంతవరకూ ఒళ్లు మారిన మనిషే గదా."

పెన్ను తీసి రాసుకుంది.

పరీక్ష రోజుకు కట్టు విప్పి వారమైంది. కర్ర పట్టుకుని గదిలో నిలబడడమే గానీ, నేనింకా గడప దాటలేదు. ఇక ఈ జన్మకు దాటనేమో అనుకున్నాను. కోడలు చెప్పులేసుకునే చప్పుడు విని, అలవాటు కొద్దీ తలుపు చాటుకు జరిగాను.

"అత్తా, యాడుండావు?"

"ఈడనే. నువ్వు పో మే."

"నువ్వు ఎదురొస్తేనే నేను పోయేది."

"పిచ్చి పట్టిందా? నేను రాగూడదు."

"బస్సు పోతే ఆ పాపం నీదే. రా!"

"ఉండవే, మొగమన్నా కడుక్కోనీ."

"అట్నే రా అత్తా."

కర్ర ముందుకు వేశాను. తలుపు రెక్క పట్టుకుని గడప మీదుగా కాలెత్తాను. దాటాను. ముందు గది గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. కోడలు ఎదురుగా నిలబడి నా మొహం నిండుగా చూసింది. "వస్తా" అని సంచి భుజానికి వేసుకుని వీధి మలుపు తిరిగింది.

పంపు దగ్గర ఎదురింటామె నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఆమె బిందె నిండి పొర్లుతోంది.

"నీళ్లు పోతుండాయి, సూడు వదినా!" అని నా వాకిట్లోంచే గట్టిగా కేకేశాను.