పైడక్క క్యారేజీలు

పెట్టె మూత తీయగానే ఇంగువ వాసన గుప్పుమంది. కాగితాల పెట్టెలోంచి రావాల్సిన వాసన కాదది. కానీ మా పైడక్క కాగితాలన్నీ వంటింట్లోనే పుట్టాయి. పోపు వేస్తూ ఒక చేత్తో గీసిన గీతలు, నూనె వేళ్ళ ముద్రలు, పసుపు మరకలు. కాసిడీహ్‌లో ప్రదర్శన పెట్టబోయే హాల్లో కిరణ్ చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని ఒక్కో కాగితాన్నీ పసిపిల్లని ఎత్తినట్టు పైకి తీస్తుంటే నాకు నవ్వాగలేదు. వాటి మీదే అక్క వేడి గిన్నెలు దించేది.

పైడక్క అసలు పేరు పైడితల్లి. శబ్దాలతో కళ చేసే మనిషి అంటే మీకు వెంటనే అర్థం కాకపోవచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ పనికి హిందీ ప్రాంతానికి వలసొచ్చిన మా గోల్‌మురి తెలుగువాళ్ళలోనూ ఎవరికీ కాలేదు. ఒక గదిలో వస్తువులు అమర్చి, వాటిలో చిన్న చిన్న స్పీకర్లు దాచి, మనం మధ్యలో నడుస్తుంటే రకరకాల చప్పుళ్ళు వినబడేలా చేసేది. పెద్ద ఊళ్ళలో దాన్ని మెచ్చుకున్నారు. మా వీధిలో మాత్రం ఆమె 'రేకులు వాయించుకునే పిల్ల'గానే మిగిలిపోయింది. క్రితం ఏడాది జబ్బు చేసి పోయింది. ఆమె కాగితాలూ టేపులూ తీసుకుని భద్రపరిచిన సంస్థలో కిరణ్ ఉద్యోగి. ఆ కాగితాలు చూసి, అక్క చేసిన 'క్యారేజీలు' మళ్ళీ అమర్చాలని అతని ప్రయత్నం. అక్క లేకుండా అది చేయడం ఇదే మొదలు. కాగితాలతో పని జరిగితే ఇకముందు ఎక్కడైనా, ఎవరైనా అమర్చుకోవచ్చు. జరక్కపోతే అది కూడా అక్కతోనే పోయినట్టు. పాత స్నేహితురాలినని నన్ను సాయానికి పిలిచారు.

మా ఇల్లు వాళ్ళింటికి రెండిళ్ళ అవతల. మా నాన్నకి చిన్ననాటి చెవిపోటు వల్ల వినికిడి తక్కువ. ఆయనకి వినబడాలని అమ్మ అరిచేది, అమ్మకి వినబడాలని అన్నలు అరిచేవారు, వీళ్ళందరి మీదా రేడియో. ఆ సంతలో నా గొంతు ఎవరి చెవికీ ఎక్కేది కాదు. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఆ ఓపిక నాకు లేదు. కాలేజీకి వచ్చేసరికి ఇంట్లో మాట్లాడటం దాదాపు మానేశాను. అమ్మ దాన్ని వినయం అనుకుని అందరికీ చెప్పుకుని మురిసిపోయేది. నాకు లోపల ఎంత కోపంగా ఉండేదో ఆమెకి తెలీదు.

పైడక్క చదువు ముగించి ఊరికి తిరిగొచ్చిన కొత్తలో ఒకరోజు అమ్మ పచ్చడి పంపింది. గుమ్మంలో నిలబడి, "అక్కా, పచ్చడి తెచ్చాను" అన్నాను. లోపల ఏదో చుయ్యిమని వేగుతోంది. రెండోసారి అనడానికి సిద్ధపడుతున్నాను.

"వత్తన్నానే బుల్లెమ్మా! కాళ్ళు కడుక్కోనక్కర్నేదు, లోపలికి రా!"

మొదటిసారికే ఎలా వినబడింది అని అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వు సెప్పినావు, నానిన్నాను. ఇందులో ఏటుందే?" అంది. అసలు పేరు తెలిశాక కూడా నన్ను బుల్లెమ్మ అనే పిలిచింది. ఆ పేరుతో నన్ను మరెవరూ పిలవలేదు. ఆ రోజు నుంచి ఖాళీ దొరికితే ఆ ఇంట్లోనే ఉండేదాన్ని.

అలాగని ఆమె శాంతమూర్తి అనుకునేరు. రికార్డింగు మధ్యలో కాకి అరిస్తే కాకితో పోట్లాటకి దిగేది. తాగిన టీ గ్లాసు కడగడం ఆమె జాతకంలో లేదు. కానీ చెవి మాత్రం అద్భుతం. ఒకసారి పనిలో ఉండి హఠాత్తుగా, "మీయమ్మ కోపంగా ఉంది, ఇంటికి బేగి ఎల్లకు" అంది. ఎలా తెలుసంటే, "గరిటెతో గిన్నె అంచుని కొడతంది, ఇను" అంది. ఆ మాట ఎంత నిజమో ఇంటికెళ్ళాక నా వీపుకి తెలిసింది.

'క్యారేజీలు' ఆలోచన అక్కడే మొదలైంది. ఉదయం షిఫ్టుకి వెళ్ళేవాళ్ళ కోసం తెల్లవారకముందే మా ఇళ్ళలో వంటలయ్యేవి. ఆ వంటింటి చప్పుళ్ళు రికార్డు చేసి, ఏ ఇంటి చప్పుడు ఆ ఇంటి అన్నం క్యారేజీలోనే పెట్టాలి. మూత తీస్తే ఆ వంటిల్లు వినబడాలి. అక్క వీధంతా తిరిగి, రేపొద్దున ఖాళీ క్యారేజీలు కావాలని అడిగి వచ్చింది. మర్నాడు అన్నీ వచ్చాయి. అన్నీ నిండుగా వచ్చాయి! పులిహోర, వంకాయ కూర, చింతపండు చారు, ఒకరింటి నుంచి పెరుగన్నం. ఖాళీ గిన్నె గడప దాటించడం మా ఆడవాళ్ళ చేతకాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, కళ మాయలో మర్చిపోయింది. చూసుకోకుండా ఒకదాంట్లో స్పీకరు దించేసింది. చారులో మునిగి అది గుడగుడమని ప్రాణం విడిచింది.

అక్క కాసేపు చారుని చూసింది, స్పీకర్ని చూసింది. తర్వాత పకపకా నవ్వి, కంచం తెచ్చుకుని కూర్చుంది. "ఖాళీవి అడిగినాను, బుద్ధి నేదు నాకు" అంటూ పులిహోర కలిపింది. తింటూ తింటూ దారి కనిపెట్టింది: పై గిన్నెలో తిండి, కింది గిన్నెలో చప్పుడు. వచ్చినవాళ్ళు విని, తిని వెళ్ళాలి.

ఇక చప్పుడు ఎంత ఉండాలన్నది మిగిలింది. దానికి ఆమె ఏ మీటరూ వాడలేదు. నన్ను గది మధ్యలో నిలబెట్టి, "ఏటి కూరొండినారు?" అని అడిగేది. నేను మామూలుగా చెప్పాలి. చెబుతుండగా చప్పుడు పెంచి తగ్గించే మరను తిప్పేది. నేను గొంతు పెంచానా, వెంటనే తగ్గించేది. "గట్టిగా మాట్లాడతానులే అక్కా" అన్నానొకసారి.

ఆమెకి నిజంగానే కోపమొచ్చింది. "నువ్వెందుకే పెంచడం? నీ గొంతుకేటొచ్చింది? గదిని తగ్గిస్తే పోద్ది!"

అప్పటిదాకా లోపం నాలోనే ఉందనుకున్నాను. ఆ మాట నాకు ఎంత మేలు చేసిందో ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పినా మళ్ళీ "ఇందులో ఏటుందే" అనేది. ఇవాళ నేను పాఠాలు చెప్పే బిర్సానగర్ బళ్ళో గోలచేసే పిల్లల ముందు కూడా నేను అరవను. గది తగ్గేదాకా ఆగుతాను. మెల్లగా మాట్లాడే పిల్ల ఉంటే, ఆ పిల్ల మాట మొదటిసారికే వినడానికి ప్రయత్నిస్తాను.

కిరణ్ కాగితాల ప్రకారం అన్నీ చక్కగా అమర్చాడు. గోల్‌మురి ఆడవాళ్ళ చేత పై గిన్నెలు కూడా నింపించాడు. స్విచ్ వేయగానే హాలు హోరెత్తిపోయింది. అది వంటిల్లు కాదు, పెళ్ళివారి వంటశాల. అతను చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. మన తెలుగువాళ్ళబ్బాయే, కానీ తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే తరం.

"ఆంటీ, సబ్ కుఛ్ లిఖా హై, వాల్యూమ్ నహీ లిఖా" అన్నాడు, అన్నీ రాసి ఉన్నాయి కానీ చప్పుడు ఎంతో రాయలేదని. వాల్యూమ్ దగ్గర ప్రతి కాగితంలోనూ ఒకే వాక్యం ఉందట, ఏ ఊళ్ళో పెట్టినప్పటిదైనా. చూపించాడు. అక్క చేతిరాత, పక్కన నూనె చుక్క.

'బుల్లెమ్మ గొంతు కంటే పైకి లెగకూడదు.'

"యే బుల్లెమ్మ క్యా హై? కోయీ మషీన్ హై?" పాపం, బుల్లెమ్మ అంటే ఏదో యంత్రమనుకుని పాత పరికరాల పుస్తకాలన్నీ వెతికాడట.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నన్ను తీసుకెళ్ళని ఊళ్ళలో కూడా అక్క నా గొంతుని గుర్తు చేసుకునే కొలుచుకుంది. "నేనే ఆ మషీన్‌ని" అన్నాను. అతనికి విషయం చెప్పాను. అతను రికార్డరు తెచ్చి నా ముందు పెట్టాడు. రేపు నేను లేకపోయినా కొలత ఉండాలిగా అన్నాడు. నా గొంతు ఆమె కాగితాల పెట్టెలోకి వెళ్తుందన్నమాట. గది మధ్యలో నిలబడ్డాను. ఏమని అడగాలో చెప్పాను. హిందీలో అడుగుతాడనుకున్నాను. కాసేపు తడుముకుని, వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్న యాసే కాబోలు, అచ్చం అక్కలాగే అడిగాడు.

"ఏటి కూరొండినారు?"

గొంతు పెంచకుండా ఆగాను. అతని చేయి మర మీద ఉంది, వంటిళ్ళన్నీ ఒక్కొక్కటిగా తగ్గుతున్నాయి.

"ఆనపకాయ" అన్నాను.

మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.