పాటకెక్కిన మా ఇంటాయన

గునుగు పూలు కనబడితే అందరికీ బతుకమ్మ పండుగ గుర్తొస్తుంది. నాకు మా కాలనీ రోడ్డు మీద ఆగిన తెల్ల జీపు గుర్తొస్తుంది. పాపను పడుకోబెట్టి వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నప్పుడు కూడా వీధిలో ఏ బండి నెమ్మదించినా నా చెయ్యి ఆగిపోతోంది.

రాష్ట్రం కోసం బొగ్గు గనులన్నీ సమ్మెలో ఉన్న ఏడాది అది. మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. పాప అప్పుడప్పుడే దోగాడుతోంది. షిఫ్టు సైరన్ లేదు, బ్లాస్టింగ్ లేదు. మధ్యాహ్నం పేలుడుకి షెల్ఫులో గిన్నెలు గలగలమనడం ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుళ్లలోనే నిద్రపోయిన పిల్ల, ఏ చప్పుడూ లేకపోయేసరికి కునుకు పట్టక ఏడ్చేది. దాన్ని భుజాన వేసుకుని ముందు గదిలో తిరుగుతుంటే బయట అరుగుల మీది మాటలన్నీ వినబడేవి.

మా ఆయన ఆఫీసులో టైపిస్టు. సమ్మెలో కూడా రమ్మని కబురొచ్చింది. ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు, రానంటే తీసేస్తారని భయం. గనిలోకి నీళ్లు రాకుండా పంపులు నడిపేవాళ్లు కూడా డ్యూటీకి పోయేవాళ్లే, కానీ వాళ్లనెవరూ ఏమీ అనలేదు. గని మునిగిపోతే రేపు అందరి అన్నమూ మునుగుతుంది కదా. కాగితాలు టైపు చేయడానికి పోయేవాణ్ని మాత్రం ఎవరు క్షమిస్తారు? ఆయన బండి తీయగానే అరుగుల మీద మాటలు ఆగేవి. ఒకరోజు ఎవరో వెనక నుంచి, "ఏం బావా, బొగ్గు తవ్వుడు బందైంది గని కాయితాలు తవ్వుడు బంద్ కాలేదా?" అన్నారు. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు, చెయ్యి పెట్టలేదు. ఒంట్లో బాగాలేదా అంటే లేదన్నాడు. పాపను ఒళ్లోకి తీసుకుని, అది చొక్కా గుండీ నోట్లో పెట్టుకున్నా చూడకుండా కూర్చున్నాడు. ఆఫీసులో ఏదో జరిగిందని తెలిసింది. ఏమిటని అడగలేదు. అడిగితే నాక్కూడా తెలుస్తుంది, అదే భయం.

రెండు రోజులకి పేపర్లో వచ్చింది. బయటి నుంచి కూలీలను తెచ్చి గనులు నడిపే ఆలోచనే లేదని మంత్రి టీవీలో చెప్పి వారం కాలేదు. పేపర్లో మాత్రం ఏ గని గేటు తెరుస్తారో, కూలీల బస్సులు ఎటు నుంచి వస్తాయో, పోలీసులు ఎక్కడ నిలబడతారో అంతా ఉంది. ఇవన్నీ పైన రహస్యం అని రాసి ఉన్న కాగితంలోని సంగతులని కూడా ఉంది. ఆ పొద్దున ఖని ఖనంతా గేటు ముందుకెళ్లి కూర్చుంది. బస్సులు దారిలోని బసంత్‌నగర్ నుంచే వెనక్కి మళ్లాయి.

హైదరాబాద్‌లో గొడవ మొదలైంది. మంత్రి రాజీనామా చేయాలన్నారు. అబద్ధం చెప్పింది ఎవరన్న ప్రశ్న నాలుగు రోజుల్లో మరుగున పడి, నిజం చెప్పింది ఎవరన్న ప్రశ్న మిగిలింది. టీవీలో పొద్దస్తమానం ఇంటి దొంగలు, ఇంటి దొంగలు అనడమే. విచారణకు ఒక అధికారి తెల్ల జీపులో వచ్చి గెస్ట్ హౌస్‌లో దిగాడని, ఆ కాగితం పట్టుకున్న ప్రతివాణ్నీ పిలుస్తున్నాడని తెలిసింది.

అప్పుడు అడిగాను. "నువ్వేనా?"

"నేను గాదు," అన్నాడు. ఆ కాగితం తనే టైపు చేశాడట. పక్కన ఆఫీసర్ కూర్చుని ఉన్నాడు, పని కాగానే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. "మనోళ్లకు చెప్పాలని మనసుల ఉండె. అరుగు దాక వచ్చిన. పాప ఏడుపు వినవడ్డది. ఇంట్లకు వచ్చిన."

నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆయన తల దించుకున్నాడు.

కానీ కాలనీ అప్పటికే లెక్క తేల్చేసింది. ఆ ఆఫీసుకు పోయేవాడు మా క్వార్టర్ల లైనులో ఆయనొక్కడే. అయితే మా బావనే! సమ్మెలో కూడా డ్యూటీకి ఎందుకు పోయాడో ఇప్పుడు తెలిసిందన్నారు. అరుగుల మీద లేచి చోటిచ్చారు. ఎవరో ఇంటికి బెండకాయలు పంపారు. ఆయన కాదు కాదంటే, పైకి అట్లనే అనాలె అని కన్ను కొట్టారు. నేను గట్టిగా చెబుదామనుకున్నాను. కానీ ఏమని చెప్పను? ఆయన చెప్పలేదంటే సమ్మె ద్రోహి. చెప్పాడంటే ఇంటి దొంగ. ఏదీ అనకుండా బెండకాయలు కోసుకున్నాను.

ఆ రోజుల్లోనే బతుకమ్మ. మట్టిగుట్టల అవతలి నుంచి గునుగు, రైలు పట్టాల పక్క నుంచి తంగేడు తెచ్చి పేర్చాం. మా కాలనీలో పాట చెప్పేది ఎదురింటి అవ్వ. ఆమె భర్త గనిలో పని చేసి, రిటైరై, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అవ్వకు రాసిన పాట అక్కర్లేదు. ఆ ఏడాది ఏం జరిగితే అది పాటలోకి వచ్చేది. ధరలు, వానలు, ఎవరింట్లో కోడలు అలిగింది, అన్నీ. ఆమె ఒక వరస చెబితే మిగతా వాళ్లం చప్పట్లు కొడుతూ అదే తిరిగి చెప్పాలి. గుండ్రంలో నిలబడ్డాక నోరు మూసుకుని తిరగడం కుదరదు.

పాపను పక్కింటి టీచరక్కకు ఇచ్చి గుండ్రంలోకి వెళ్లాను. రెండు చుట్లు కాగానే అవ్వ ఎత్తుకుంది:

"టైపు కొట్టే బావ ఉయ్యాలో
గుట్టు విప్పి చెప్పె ఉయ్యాలో"

అందరూ నావైపు చూసి నవ్వుతూ తిరిగి చెప్పారు. నేనూ చెప్పాను. నా చేతులతో నేనే చప్పట్లు కొట్టాను. రోడ్డు మీద ఆ అధికారి తెల్ల జీపు ఆగి ఉండడం అప్పుడే చూశాను. అది అంతకు ముందు నుంచే ఉందో, పాట విని ఆగిందో తెలియదు.

మర్నాడు ఆయన్ని గెస్ట్ హౌస్‌కి పిలిచారు. తిరిగొచ్చి గడపలోనే చెప్పాడు. అడిగిన మొదటి ప్రశ్న, మీ కాలనీలో నీ మీద పాట కట్టారట కదా అని. మళ్లీ ఎల్లుండి రమ్మన్నారట, ఆ తర్వాత సస్పెన్షన్ తప్పదని ఆఫీసులో అనుకుంటున్నారట. సస్పెన్షన్ అంటే క్వార్టర్ ఉంటుందా పోతుందా అని కూడా మాకు తెలియదు. కేసు పెడితే? పాపను ఎత్తుకుని ఏ ఊరికి పోవాలి? అదే ఆలోచనతో పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. వాసన వచ్చేదాకా తెలియలేదు.

పాపను చంకన వేసుకుని అవ్వ ఇంటికి పోయాను. ఆమె పొగాకు నలుపుకుంటూ కూర్చుంది. ఆయన చెప్పలేదని, ఆ పాట వల్ల ఉద్యోగం పోయేలా ఉందని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. అవ్వ నమ్మిందో లేదో తెలియదు.

"మంచికే పాడిన బిడ్డా," అంది. "పది మంది తెలుసుకోవాలె అని పాడిన."

"రేపు ఆ వరస పాడకు అవ్వా."

"పాడకుంటె భయపడి ఇడిసిపెట్టిన్రంటరు. అప్పుడు ఇంకింత అనుమానం. ఫికర్ చెయ్యకు, పిల్లకు అన్నం పెట్టు పో."

నాకు ఫికర్ ఇంకా ఎక్కువైంది. మర్నాడు పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ. పోకూడదనుకున్నాను. పోకపోతే అదీ మాటవుతుందని పోయాను. జీపు ఈసారి దగ్గరగా ఆగింది, అద్దం దించి ఉంది. అవ్వ దానివైపు చూడనైనా చూడలేదు. టైపు కొట్టే బావ అని మొదలుపెట్టగానే నేను ఒక అడుగు తప్పాను. ఆ వెంటనే అవ్వ ఇంకో వరస అందుకుంది:

"పంపు నడిపే కాక ఉయ్యాలో
గుట్టు విప్పి చెప్పె ఉయ్యాలో"

ఆ తర్వాత గనిలో బొగ్గు టబ్బులు లాగించే హాలేజీ అన్న చెప్పాడు. దవాఖానలో కాలు విరిగి పడుకున్న తమ్ముడు చెప్పాడు. ఎవరి ఇంటి వరస వస్తే ఆ ఇంటామె గొంతు పెంచి పాడింది. తన ఇంటాయన వరస రాలేదేందని ఒకామె అడిగి మరీ చెప్పించుకుంది. లైను అయిపోయినా అవ్వ ఆపలేదు. ఎన్నడో కన్నుమూసిన తన భర్త కూడా చెప్పాడంది. అక్కడ మేమంతా చప్పట్లు ఇంకాస్త గట్టిగా కొట్టాం. ఆఖరికి టీచరక్క చంకలో ఉన్న మా పాపను చూపించి, దోగాడే బిడ్డ కూడా ఆ గుట్టు విప్పిందని పాడింది. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు, జీపు వైపు చూస్తూ పాడాను. కాసేపటికి అద్దం పైకి లేచింది.

తర్వాత రోజు ఆ అధికారి మా ఆయనతో, "మీ దగ్గర చచ్చిపోయినాయన కూడా చెప్పాడట కదయ్యా," అన్నాడట. నవ్వుతూ అన్నాడా కోపంగా అన్నాడా అని ఎన్నిసార్లు అడిగానో. తెలియలేదనే అన్నాడు ఆయన. పాట సాక్ష్యం కాలేదు. ఆయన్ని ఆ సీటు నుంచి తీసి దూరపు గనిలో స్టోర్స్‌కి వేశారు. ఉద్యోగం మిగిలింది. కొన్నాళ్లకు హైదరాబాద్‌లో ఒక పెద్దాయనను బదిలీ చేశారని పేపర్లో చిన్న ముక్క వచ్చింది. పేపరుకు చెప్పింది ఆ పెద్దాయనేనా అన్నది అందులో లేదు.

రాష్ట్రం వచ్చిన రోజు కాలనీలో రంగులు చల్లుకున్నారు. మైకు దగ్గరికి మా ఆయన్ని లాక్కుపోయి శాలువా కప్పారు. ఇప్పుడన్నా చెప్పు బావా, ఇప్పుడు నిన్నెవడు ఏమంటడు అన్నారు. ఆయన మైకు పట్టుకుని నిలబడ్డాడు. పాప చెయ్యి నా చేతిలో ఉంది. అవునంటాడేమోనని ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అవునంటే ఇన్నేళ్ల తర్వాతైనా ఎవరో వచ్చి తలుపు కొడతారని.

"చెప్పింది నేను గాదు," అన్నాడు. "చెప్పాలనుకున్న. చెప్పలె."

చప్పట్లు మోగాయి, బావకు గర్వం లేదని ఈలలు కూడా వేశారు. ఎదురింటి అవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన దిగి వచ్చాక చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

శాలువా బీరువాలో మడతపెట్టి ఉంది. పండుగకు తీసి కప్పుకోమంటే ఆయన కప్పుకోడు. పారేద్దామంటే పారేయనివ్వడు.